దొరసాని ఉపవాసం

ఆదివారం పొద్దున ఏడింటికి వంటింట్లో ఫ్రిజ్ వెనక కీచురాయి ఒకటి రాగం అందుకుంది. టీ కాస్తున్న కోడలు ఒక చెవి అటు వేసి నవ్వుకుంది. పెళ్ళయి మూడు నెలలు దాటినా ఆ ఇంట్లో ఆమెకి ప్రతిదీ ఇంకా కొత్త బహుమతిలాగే ఉండేది. స్నానాలగదిలో ఒకే గ్లాసులో ఒకదాని భుజం మీద ఒకటి వాలిన రెండు బ్రష్షులు, కింద అత్తగారి పరదాల కొట్టులోంచి మెట్లెక్కి వచ్చే కొత్త బట్ట వాసన, తన టీలో చక్కెర ఎంతో అడక్కుండానే కలిపే మొగుడు. తలుచుకుంటే పని మధ్యలో కూడా నవ్వొచ్చేది. ఆమె ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దుతుంది. పక్క సీటావిడ, "తప్పు దొరికితే అంత ఆనందమేమిటమ్మా నీకు?" అని ఆటపట్టించేది.

ఆ ఆదివారం మాత్రం నవ్వు పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. పదకొండింటికి మామగారు ఆసుపత్రి నుంచి ఇంటికొస్తున్నారు. గడపలో అడుగు పెడుతూనే ఆయన అడిగే మొదటి మాట ఆమెకి తెలుసు. దానికి నిజమైన జవాబు మాత్రం ఆమె నోరు దాటి రాదు.

మామగారు లిఫ్టుల మెకానిక్. ముప్పై ఏళ్ళుగా ఒక పెద్ద భవనంలోని లిఫ్టులన్నీ ఆయన చేతి మీదే నడిచాయి. ఆ భవనం నెత్తిన, మోటార్లుండే వెచ్చటి గదిలోంచి దిగుతూ మెట్టు తప్పి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. అప్పటికి కొడుకు పెళ్ళయి రెండు వారాలు. ఆపరేషన్ అయిన మర్నాడు ఆ భవనం వాచ్‌మన్ ఒక గాజుపెట్టెని పసిపిల్లని మోసినట్టు రెండు చేతులా పట్టుకుని ఇంటికొచ్చాడు. అందులో అరచేయంత సాలీడు. ఒళ్ళంతా ముదురు గోధుమరంగు నూగు, మోకాళ్ళకి నారింజరంగు పట్టీలు. టరాంటులా అంటారట. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ లిఫ్టులో వదిలేసిపోతే మామగారు తీసుకెళ్ళి మోటార్ల గదిలో పెంచుకుంటున్నారు. పేరు దొరసాని. వయసు సంగతి తెలీదు గానీ, ఆయన దగ్గర చేరి పద్నాలుగేళ్ళు.

ఆ పద్నాలుగేళ్ళ ముచ్చట ఇంట్లో ఎవరికీ తెలియదు.

అత్తగారు పెట్టెనీ వాచ్‌మన్‌నీ మార్చి మార్చి చూశారు. "ఎన్నాళ్ళుగా?" అని మాత్రం అడిగారు. అతను చెప్పాడు. ఆవిడ మెట్లు దిగి కుట్టుమిషన్ ముందు కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఒక హోటలుకివ్వాల్సిన పరదాలన్నీ ఒక్క పూటలో కుట్టేశారు. మర్నాడు ఆసుపత్రికి వెళ్ళారు గానీ, మొగుడి మంచం పక్కనే కూర్చుని కొడుకుతో మాట్లాడారు. తలగడ ఎత్తయిందేమో మీ నాన్నని అడగరా అని ఆవిడ, సరిపోయిందని మీ అమ్మకి చెప్పరా అని ఆయన. మధ్యలో కొడుకు బంతిలా అటూ ఇటూ తల తిప్పాడు. పదకొండు వారాలూ అదే తంతు. మొదట్లో కోడలికి నవ్వొచ్చింది. రానురాను గుండెలో ఏదో బరువుగా కూర్చుంది.

"ఇంకో ఆడదాన్ని పెట్టుకున్నా ఇంత మండేది కాదు," అన్నారు అత్తగారు ఒకరోజు పరదాకి రింగులు ఎక్కిస్తూ. "వెళ్ళి ఆవిడెవరో జుట్టు పట్టుకుని అడిగేదాన్ని. దీన్నేం పట్టుకుని అడగను?"

సాలీడుని చూసుకునే పని కోడలి మీద పడింది. మామగారే అలా కోరారు. మీ అత్తకి భయం, వాడికి మతిమరుపు, నువ్వైతే కామా కూడా పోనివ్వవు, నీకే అప్పజెబుతున్నానమ్మా అన్నారు. కొత్త కోడలికి ఇంతకంటే ఏం కావాలి? బస్సులో ఇంటికొచ్చేదాకా ఆమె కాళ్ళు నేలమీద ఆనలేదు. పనేం పెద్దది కాదు. రోజూ చిన్న మూతలో మంచినీళ్ళు మార్చాలి, శుక్రవారం జంతువుల దుకాణంలో కొన్న కీచురాయి ఒకదాన్ని తిండికి వదలాలి, తిన్నదీ లేనిదీ ఎర్ర అట్ట నోటుబుక్కులో రాయాలి. శుక్రవారం వదిలేది. శనివారం ప్రెస్సు. ఆదివారం పొద్దున చూస్తే కీచురాయి కనిపించేది కాదు. "తింది" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుని ఆసుపత్రికి పరిగెత్తేది.

"తింటోందా?" అనేవారు మామగారు, ఆమె ఇంకా తలుపు దగ్గరుండగానే.

"శుభ్రంగా తింటోంది మామయ్యా."

అలా ఏడు వారాలు హాయిగా గడిచాయి. ఎనిమిదో వారం అత్తగారు నాలుగు రోజులు వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళారు. ఆ శుక్రవారం వదిలిన కీచురాయి శనివారం సాయంత్రం ఉంది. ఆదివారమూ ఉంది. సోమవారం దొరసాని కాళ్ళ మీదుగా షికారు చేస్తోంది. దొరసాని కాలు కూడా కదపలేదు. తన చేతిలో పెట్టిన ప్రాణం తిండి మానేసింది.

ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. మంచంలో ఉన్న మనిషికి మంచి కబురే చెప్పాలి. నొప్పిగా ఉందా అంటే లేదనాలి, ఇంట్లో ఎలా ఉన్నారంటే బాగున్నారనాలి. మామగారు మంచాన పడ్డ మొదటివారమే అత్తగారు ఈ సంగతి నేర్పారు. కోడలు కీచురాయిని తీసేసి, నోటుబుక్కులో "తింది" అని రాసింది. ఆ రెండక్షరాలు కాస్త వంకరపోయాయి.

తర్వాతి వారం అత్తగారు ఇంట్లోనే ఉన్నారు. కీచురాయి మళ్ళీ మాయమైంది. కోడలు ఊపిరి పీల్చుకుంది గానీ మనసు కుదుట పడలేదు. దొరసాని పొట్ట మీద నూగు రాలి నున్నగా ఉండే చోటు రోజురోజుకీ నల్లబడుతోంది, కమిలిన గాయంలా. సరిగ్గా ఆ ఆదివారమే మామగారు, ఆ నున్నటి చోటు నల్లబడిందా అని అడిగారు. అడగడంలో ఏదో ఆత్రం. నల్లబడిందంటే ఆయన ఏమైపోతారో అని ఆమె, "లేదు మామయ్యా, మామూలుగానే ఉంది," అంది. ఆయన మొహం ఎందుకో చిన్నబోయింది. ఆ చిన్నబోవడం ఆమెకి అర్థం కాలేదు.

మొగుడితో చెప్పుకుంది. అతను కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి బిగిస్తాడు. ప్రతిదానికీ కొలత ప్రకారం ఇంకొకటి దొరుకుతుందని అతని నమ్మకం. పోతే పోనీ, అచ్చు ఇలాంటిదే ఇంకోటి తెద్దాం, ఈ సైజుదే, నాన్న ఏం గుర్తుపడతారు అన్నాడు. పెళ్ళయ్యాక మొదటిసారి ఆమె అతనికి వీపు తిప్పి కూర్చుంది.

ఇప్పుడు, ఈ ఆదివారం పొద్దున, టీ గ్లాసు పట్టుకుని హాల్లోకి వచ్చి పెట్టె వైపు చూసింది. గ్లాసు అక్కడే బల్ల మీద పెట్టేసింది. పెట్టలేదు, పడేసినంత పని చేసింది.

దొరసాని వెల్లకిలా పడి ఉంది. ఎనిమిది కాళ్ళూ పైకి చాపి, కొంచెం ముడిచి. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఆమె కేకకి మొగుడు మొహానికి సబ్బు నురగతోనే వచ్చాడు. అత్తగారు కింద షట్టరు ఎత్తుతున్నవారు ఎత్తినట్టే వదిలేసి మెట్లెక్కారు. ముగ్గురూ పెట్టె చుట్టూ నిలబడ్డారు. అతను గాజు మీద గోటితో కొట్టబోతే కోడలు చెయ్యి పట్టుకుంది.

"పోయింది," అన్నాడతను మెల్లగా. గోడ గడియారం చూశాడు. "ఏడుంపావు. ఆ జంతువుల దుకాణం తొమ్మిదికి తీస్తాడు. నేనెళ్ళి ఇంకోటి తెస్తాను. నువ్వీలోగా దీన్ని తీసేసి పెట్టె తుడువు."

"ఆయన వచ్చేసరికి పెట్టె నిండుగా ఉండాలి," అన్నారు అత్తగారు. విచిత్రం, గాజుపెట్టె వంక చూస్తే చాలు మొహం తిప్పుకునే ఆవిడ గొంతు వణికింది. "అన్ని రోజులు మంచాన పడి వస్తున్న మనిషికి గడపలోనే ఈ కబురా? కాగితం తే. నేనే తీస్తాను. కింద పూలకుండీలో పెడదాం." భయపడుతూనే గరిట కోసం వంటింట్లోకి నడిచారు.

కోడలు పెట్టె ముందు అడ్డంగా నిలబడింది. ఎదురు చెప్పడం ఆమెకి అలవాటు లేదు. అందరికీ నచ్చాలని, అందరూ నవ్వాలని ఆ ఇంట్లో అడుగుపెట్టిన మనిషి.

"ముట్టుకోకండి అత్తయ్యా. మామయ్య చూడకుండా ఎవరూ తియ్యొద్దు."

"చూస్తే తట్టుకోలేరమ్మాయ్."

"ఆయన నాకిచ్చారు. బాగుంది, బాగుంది అని ఇన్నాళ్ళూ నేనే చెప్పాను. ఇప్పుడు వేరేదాన్ని తెచ్చి పెట్టి, చచ్చేదాకా దాన్ని దొరసాని అని పిలవమంటారా నన్ను?" ఆమె పెట్టెకి ఇంకా దగ్గరగా జరిగింది. "నా వల్ల కాదు. నేనే చెబుతాను."

మొగుడు నురగ ఎండిపోయిన మొహం కడుక్కోవడానికి వెళ్ళాడు. అత్తగారు చేతిలో గరిటతో అలాగే నిలబడ్డారు. ఆవిడ ఏదో చెప్పబోయి మింగేసినట్టు కోడలికి అనిపించింది. కింద షట్టరు సగం ఎత్తి అలాగే ఉండిపోయింది. ఫ్రిజ్ వెనక కీచురాయికి మాత్రం ఈ గొడవేం పట్టలేదు.

పదకొండింటికి కారు ఆగింది. పదిహేడు మెట్లు. ఒక పక్క కొడుకు, ఒక పక్క కర్ర. మామగారు ఒక్కో మెట్టు ఎక్కి, ఆగి, ఊపిరి తీసుకుని మళ్ళీ ఎక్కుతున్నారు. లిఫ్టులు నడిపిన మనిషికి మెట్లా నాన్నా అని కొడుకు నవ్వించబోయాడు గానీ అతనికే నవ్వు రాలేదు. ఆయన బాగా చిక్కిపోయారు. పై మెట్టు మీద కోడలు నిలబడి ఉంది.

"తింటోందా?" అన్నారు ఆయాసపడుతూ, నవ్వుతూ.

"లేదు మామయ్యా." ఆగితే ఇక చెప్పలేనని తెలిసి ఆమె ఆగకుండా చెప్పేసింది. "దొరసాని పోయింది. పొద్దున చూశాం. తినడం మానేసి మూడు వారాలు దాటింది. నున్నటి చోటు నల్లబడింది. లేదని మీకు అబద్ధం చెప్పాను. పుస్తకంలోనూ అబద్ధమే రాశాను."

ఆయన నవ్వు అలాగే ఉండి, మెల్లగా ఆరిపోయింది. గుమ్మం పక్క కుర్చీలో కూలబడ్డారు. కర్ర జారి కింద పడితే ఎవరూ తియ్యలేదు.

"నిన్ను నమ్మాను కదమ్మా," అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. కోడలు తల వంచుకుంది. కన్నీళ్ళు టపటపా గచ్చు మీద పడ్డాయి.

"అమ్మాయిని అనకండి."

ఆ గొంతు అత్తగారిది. పదకొండు వారాల తర్వాత ఆవిడ ఎవరి ద్వారానూ కాకుండా మొగుడితో నేరుగా మాట్లాడిన మొదటి మాట. కొడుకు అలవాటు కొద్దీ ఇటు నుంచి అటు తల తిప్పి, తనతో పనిలేదని తెలిసి ఆగిపోయాడు.

"మూడు వారాలు కాదు," అన్నారు ఆవిడ. "మీ దొరసాని మొదటి వారం నుంచీ ఒక్కటీ తినలేదు. కీచురాళ్ళన్నీ నేనే తీసేశాను."

"నువ్వా?"

"శనివారాలు అమ్మాయి ప్రెస్సుకెళ్ళాక. ఆ మూల కీచురాయి మీసాలాడించుకుంటూ, ఎప్పుడు చస్తానా అని కాచుకుని ఉంటే చూడలేకపోయాను. పరదా కడ్డీకి టీ వడగట్టే పాత జల్లెడ కట్టి, దూరం నుంచే మూత లేపి తీసేదాన్ని. కిటికీలోంచి వదిలేద్దామనే. కిటికీ దాకా తెచ్చేలోపు సగం వంటింట్లోకి దూకేశాయి." ఆవిడ భుజం మీద వేలాడుతున్న కొలతల టేపు కొసతో కళ్ళు తుడుచుకున్నారు. "నేనే దాని కూడు లాక్కుని చంపాను. కోపం మీ మీదే గానీ దాని మీద కాదండీ. అది చావాలని అనుకోలేదు."

కోడలు తలెత్తి చూసింది. ఫ్రిజ్ వెనక పాట, కనిపించకుండా పోయిన జల్లెడ, ఎనిమిదో వారం మిగిలిపోయిన కీచురాయి, అన్నీ ఒక్కసారిగా వరసలోకి వచ్చి నిలబడ్డాయి.

మామగారు మాత్రం భార్య ఏడుపు చూడటం లేదు. ఆయన కళ్ళలో ఏదో కదిలింది.

"ఒక్కటీ తినలేదా? పదకొండు వారాలూ?"

"ఒక్కటీ."

"నల్లబడిందన్నావు," అని కోడలి వైపు తిరిగారు. "ఎలా పడి ఉంది? కాళ్ళు కిందికి ముడుచుకుని బోర్లా ఉందా, వెల్లకిలానా?"

"వెల్లకిలా."

"ఎవరన్నా ముట్టుకున్నారా? పెట్టె కదిపారా?"

"తీసేద్దామన్నాం నాన్నా," అన్నాడు కొడుకు. "తను తియ్యనివ్వలేదు. నువ్వు చూడాలంది."

మామగారు ఒక చెయ్యి కొడుకు వైపు చాపారు, ఇంకో చెయ్యి చాపి ఎవరో పట్టుకుంటారని ఎదురుచూశారు. అత్తగారు ఒక్క క్షణం తటపటాయించి పట్టుకున్నారు. పెట్టె దగ్గరికి నడిపించి కూర్చోబెట్టారు. ఆయన గాజుకి మొహం ఆనించి చాలాసేపు చూశారు. ఊపిరి గాజు మీద పొగలా పట్టి పోతోంది.

"చావలేదు," అన్నారు గుసగుసగా. "కుబుసం విడుస్తోంది. కింద చూడండి, పడక కోసం ఎంత పలచగా పట్టు పరుచుకుందో. చచ్చిన సాలీడు ఇలా పడుకోదు, కాళ్ళు కిందికి ముడుచుకుపోతుంది. పాము విడిచినట్టే ఇదీ పాత చర్మం విడిచేస్తుంది. దానికి ముందు నెలల తరబడి తినదు. పెట్టినా తినదు. నల్లబడిందా అని అందుకే అడిగాను. ఈసారి నా కళ్ళతో చూడలేనేమో అనుకున్నాను."

"మరి నేను ముందే చెప్పి ఉంటే..." అంది కోడలు.

"కీచురాయిని పెట్టొద్దని అప్పుడే చెప్పేవాణ్ణి. ఇలా పడుకున్నప్పుడు దాని ఒళ్ళు వెన్న. కీచురాయి ఒక్కటి పెట్టెలో ఉంటే చాలు, కొరికి చంపేస్తుంది." ఆయన భార్య వైపు తిరిగారు. "ఈ వారంది తీశావా?"

"తీశాను," అన్నారు ఆవిడ చిన్నగా.

ఆయన పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

నలుగురూ కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. కొడుకు రొట్టెముక్కలూ, ఉడికించిన గుడ్లూ తెచ్చి అందరి చేతుల్లో పెట్టాడు. చాలాసేపు ఏమీ జరగలేదు. ఆ తర్వాత దొరసాని ఛాతీ పక్కన సన్నటి చీలిక కనిపించింది. కాలు ఒకటి, చాలా మెల్లగా, చేతితొడుగులోంచి వేలు లాగినట్టు పాత కాలులోంచి బయటికి వచ్చింది. లేతగా, తడిగా, కొత్తగా. నారింజ పట్టీలు ఇంతకుముందెప్పుడూ అంత మెరవలేదు. కోడలు మొగుడి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. రొట్టె చేతిలోనే ఉండిపోయింది.

అత్తగారు తెలియకుండానే గాజు దగ్గరికి వంగారు. జానెడు దూరంలో ఉన్నారు.

"ఎన్నిసార్లు చూశారు దీన్ని?" అని అడిగారు.

"ఏడుసార్లు."

"ఒక్కరే?"

"ఒక్కణ్ణే. నువ్వు ఇంట్లో పురుగుంటే ఉండనన్నావు ఒకసారి. ఎందుకొచ్చిన గొడవ అని చెప్పలేదు. తర్వాత చెప్పాలంటే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతావని చెప్పలేదు."

"అడిగేదాన్నే," అన్నారు ఆవిడ. "నాలుగు రోజులు అరిచేదాన్ని. ఐదో రోజు చూడ్డానికి వచ్చేదాన్ని. పద్నాలుగేళ్ళు అక్కడ ఒంటరిగా కూర్చుని సంతోషపడ్డారు. నాకొక్కటీ మిగల్చలేదు." ఆవిడ టేపు కొస వేలికి చుట్టుకున్నారు. "నాకు మండింది అందుకే."

మామగారు తల దించుకున్నారు. "ఎనిమిదోది ఇద్దరం చూస్తున్నాం కదా," అన్నారు. ఆవిడ మొహం తిప్పుకున్నారు గానీ కుర్చీ వెనక్కి జరపలేదు.

రెండు దాటేసరికి పెట్టెలో రెండు దొరసానులు ఉన్నాయి. ఒకటి ఖాళీది, విప్పి పడేసిన చొక్కాలా. ఇంకోటి దాని పక్కనే అలిసిపోయి, కాళ్ళు బారచాపుకుని. ఇంకో పది రోజులు తిండి పెట్టకూడదు, కోరలు గట్టిపడాలి, నీళ్ళు మాత్రం మార్చండి అన్నారు మామగారు.

కోడలు వెళ్ళి ఎర్ర అట్ట పుస్తకం, ప్రెస్సులో వాడే ఎర్ర కలం తెచ్చింది. ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని మొదటి పేజీ తీసింది. ఒక్కో "తింది"నీ అడ్డంగా కొట్టేసి, పైన "తినలేదు" అని దిద్దుకుంటూ వచ్చింది. వాటిలో తను తెలియక రాసినవీ ఉన్నాయి, తెలిసి రాసినవీ ఉన్నాయి. అన్నిటినీ ఒకే కలంతో దిద్దింది. అత్తగారు పక్కనుంచి చెబుతున్నారు, అది మిషన్ మీదకి దూకింది, అది కిటికీలోంచి పోయింది, అది నన్ను చూసి ఎగిరితే నేనే ఎగిరాను అని. కొడుకు పడీ పడీ నవ్వాడు. కోడలు నవ్వుతూనే ఏడ్చింది. కన్నీటి బొట్టు పడి ఒక "తినలేదు" కాస్త అలుక్కుపోయింది.

మామగారు పుస్తకం తీసుకుని పేజీ అంతా చూశారు. ఎర్రటి దిద్దుబాట్ల మీద వేలు రాసి, తిరిగి ఆమె ఒళ్ళో పెట్టారు.

"దీన్ని నువ్వే చూసుకో," అన్నారు. "ఇకమీదట కూడా."

ఆమె కళ్ళు తుడుచుకుని కింద ఖాళీ గీత మీద తేదీ వేసి, "కుబుసం విడిచింది. మామయ్య చూశారు," అని రాసింది.

వంటింట్లో కీచురాయి మళ్ళీ అందుకుంది. మామగారు చెవి రిక్కించి, అది ఏ వారందని అడిగారు.

"మీకు తర్వాత చెబుతాను," అన్నారు అత్తగారు. కోడలి భుజం మీదుగా వంగి పుస్తకంలోకి చూసి, మెల్లగా అన్నారు. "అమ్మాయ్, అత్తయ్య కూడా చూసిందని రాయి."